సవర కొండల్లో శత్రు క్షమ: మృతులతో సంభాషణ నుండి క్రైస్తవ ప్రార్థన వరకు

పార్వతీపురం మన్యం జిల్లాలోని సీతంపేట ప్రాంతంలోనూ, దానికి ఆనుకొని ఉన్న ఒడిశా గజపతి జిల్లా కొండల్లోనూ నివసించే సవరలు ఒకే జాతి. 1936లో ఒరిస్సా ప్రావిన్సు ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు చేరడంతో వీరి మధ్య పాలనాపరమైన సరిహద్దు గీత పడింది. ఆ పట్టణంలో ఉపాధ్యాయుడిగా ఉంటూనే గిడుగు వెంకట రామమూర్తి సవర భాష నేర్చి, 1931లో దాని వ్యాకరణ గ్రంథాన్ని వెలువరించారు. వ్యావహారిక భాషోద్యమ చర్చల్లో ఈ కృషికి తగినంత చోటు దక్కకపోవడం విచారకరం.

1874లో కాకినాడలో పని ప్రారంభించిన కెనడా బాప్టిస్టు మిషన్ క్రమంగా ఉత్తర సర్కారు జిల్లాలకూ, అటుపై సవర కొండలకూ విస్తరించింది. దానితోపాటు శత్రువును ప్రేమించి, హింసించేవారి కోసం ప్రార్థించాలనే మత్తయి సువార్త ఐదవ అధ్యాయ బోధ ఇక్కడికి వచ్చింది. అయితే పగను చల్లార్చే పద్ధతి సవరలకు కొత్తది కాదు. వారి సంప్రదాయంలో వైరభావంతో తిరిగివచ్చేవారు ముఖ్యంగా మృతులు. చనిపోయినవారు ‘సోనుం’గా మారి, తమను చంపిన వ్యాధినో ప్రమాదాన్నో బతికున్నవారికి అంటిస్తారని విశ్వాసం. పూనకంలో ఉన్న స్త్రీ నోట మృతుడు మాట్లాడతాడు. బంధువులు అతనితో వాదిస్తారు, నిందిస్తారు, ఏడుస్తారు, బతిమాలుకుంటారు. ఏళ్ల తరబడి సాగే ఈ సంభాషణల్లోనే కోపిష్టి మృతుడు కాపాడే పూర్వికుడిగా మారుతాడు. ఇందులో క్షమ ఒకరి నిర్ణయం కాదు, ఇరుపక్షాలూ మాట్లాడిన తరువాతనే లభించే ఫలితం.

1970ల నుండి ఒడిశా వైపు సవర గ్రామాల్లో పరిశోధించిన బ్రిటన్ మానవశాస్త్రవేత్త పియర్స్ విటెబ్‌స్కీ ఈ సంభాషణలను ‘డైలాగ్స్ విత్ ద డెడ్’ (1993) గ్రంథంలో నమోదు చేశారు. తరువాతి తరం బాప్టిస్టు క్రైస్తవంలోకి వెళ్లగా ఆ ఆచారం అంతరించిన తీరును ‘లివింగ్ వితౌట్ ద డెడ్’ (2017)లో వివరించారు. క్రైస్తవ క్షమ శత్రువు సమాధానం కోసం ఎదురుచూడదు. సిలువపై క్రీస్తు చేసిన ప్రార్థనలో హంతకుల పశ్చాత్తాపం షరతు కాదు. మృతుల భయం నుండి, ఖరీదైన బలుల నుండి ఇది విముక్తి కలిగించిందనడంలో సందేహం లేదు. కాని ఫిర్యాదు చెప్పుకొని, జవాబు వినే అవకాశం దానితోపాటే పోయింది. ఈ నష్టాన్ని కేవలం మూఢనమ్మకం తొలగిపోవడంగా లెక్కగట్టడం తొందరపాటు.

బతికున్న శత్రువు విషయంలో సమస్య మరింత జటిలం. శ్రీకాకుళం ఏజెన్సీలో షావుకార్లు, భూస్వాములు అప్పుల పేరిట గిరిజనుల భూములు కాజేశారు. 1967 అక్టోబర్ 31న లేవిడి వద్ద కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు భూస్వాముల మనుషుల చేతిలో హతులయ్యారు. నిందితులు విడుదలైన తరువాత 1968 చివర ఉద్యమం సాయుధ మార్గం పట్టి, ‘వర్గశత్రు నిర్మూలన’ వైపు సాగింది. ఆ వాతావరణంలో శత్రువును ప్రేమించమనే బోధ దోపిడీకి లొంగిపొమ్మనే సలహాగా వినిపించే ప్రమాదం ఉంది. చాలా విమర్శలు ఇక్కడే ఆగిపోతాయి.

పౌలు రోమీయులకు రాసిన పత్రిక అలా ఆగదు. పన్నెండవ అధ్యాయంలో వ్యక్తిగత ప్రతీకారాన్ని నిషేధించిన పౌలు, పదమూడవ అధ్యాయంలో దోషిని శిక్షించే బాధ్యతను పాలకునికి అప్పగిస్తాడు. బాధితుడు పగ వదులుకోవడం వేరు, నేరానికి విచారణ లేకపోవడం వేరు. లేవిడి తరువాత కరువైనది మొదటిది కాదు, రెండవది. 1959 నాటి భూబదలాయింపు నిబంధనను సవరిస్తూ వచ్చిన 1970 నాటి 1/70 చట్టం ఏజెన్సీలో గిరిజనేతరుని అధీనంలో ఉన్న భూమిని గిరిజనుని నుండి సంక్రమించినదిగానే భావిస్తుంది. కాదని రుజువు చేసుకోవలసింది ఆ గిరిజనేతరుడే. సవర సంభాషణలో మృతుడు జవాబు చెప్పినట్లే, ఇక్కడ భూమి పట్టుకున్నవాడు జవాబు చెప్పాలి.