ఇంగ్లండులో పాఠశాలలు, స్థానిక ప్రభుత్వం: బాధ్యత ఎవరిది? అధికారం ఎవరిది?

1. పరిచయం

మీరు చదువుకున్న బడి పేరు ఒకసారి గుర్తుకు తెచ్చుకోండి. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల, పురపాలక పాఠశాల, ఎయిడెడ్ పాఠశాల: ఆ బడి యాజమాన్యం ఎవరిదో, దానికి డబ్బు ఎలా వస్తుందో పేరే చెబుతుంది. ఇంగ్లండులోనూ ఇటువంటి తేడాలున్నాయి. అక్కడ కౌన్సిల్ ఆధ్వర్యంలో నడిచే పాఠశాలలు ఒక రకం. ప్రభుత్వ నిధులతోనే నడుస్తూ, స్వతంత్ర ట్రస్టుల యాజమాన్యంలో ఉండే అకాడమీలు మరొక రకం. రెండింటిలోనూ పిల్లలు ఫీజు కట్టనక్కర లేదు.

ఈ రెండు రకాల బడుల విషయంలో స్థానిక ప్రభుత్వం పాత్ర 150 ఏళ్లలో ఎలా మారిందో ఈ భాగంలో తెలుసుకుంటారు. చదివేటప్పుడు రెండు ప్రశ్నలు మనసులో ఉంచుకోండి. ఒక ప్రాంతంలోని ప్రతి బిడ్డకూ బడిలో చోటు చూపే బాధ్యత ఎవరిది? అందుకు కావలసిన అధికారం ఎవరి చేతిలో ఉంది?

2. స్కూలు బోర్డులు (1870–1902)

19వ శతాబ్దం తొలి భాగంలో పేద పిల్లల చదువు ఎక్కువగా చర్చి సంఘాల చేతిలో ఉండేది. 1833లో పార్లమెంటు తొలిసారిగా బడుల నిర్మాణానికి 20,000 పౌండ్లు మంజూరు చేసింది. ఆ సొమ్మును కూడా మత సంబంధమైన సంఘాల ద్వారానే ఖర్చు చేశారు.

1870లో ఫోర్‌స్టర్ ప్రవేశపెట్టిన ప్రాథమిక విద్యా చట్టం పరిస్థితిని మార్చింది. బడులు చాలని చోట ఎన్నికైన స్కూలు బోర్డు ఏర్పాటు చేసి, స్థానిక పన్నుతో కొత్త బడులు నడపాలని ఆ చట్టం చెప్పింది. పార్లమెంటు ఎన్నికల్లో స్త్రీలకు ఓటు లేని ఆ రోజుల్లోనే ఈ బోర్డులకు వారు పోటీ చేయగలిగారు. 1870లో ఎలిజబెత్ గారెట్, ఎమిలీ డేవిస్ లండన్ స్కూలు బోర్డుకు ఎన్నికయ్యారు. చర్చి బడులకు మాత్రం స్థానిక పన్ను నుంచి నిర్వహణ ఖర్చులు అందేవి కావు. ఇలా రెండు వ్యవస్థలు పక్కపక్కనే సాగాయి.

అదే కాలంలో మన దేశంలో 1882లో నియమితమైన హంటర్ కమిషన్, ప్రాథమిక విద్యను జిల్లా, మునిసిపల్ బోర్డులకు అప్పగించాలని సిఫారసు చేసిందని గమనించండి.

3. కౌన్సిళ్లకు బాధ్యత (1902–1944)

1902 నాటి బాల్ఫర్ చట్టం స్కూలు బోర్డులను రద్దు చేసి, విద్యను కౌంటీ, నగర కౌన్సిళ్లకు అప్పగించింది. చర్చి బడుల నిర్వహణ ఖర్చు కూడా స్థానిక పన్ను నుంచే చెల్లించాలని నిర్ణయించింది. ప్రతిగా ఆ బడుల యాజమాన్య సంఘంలోని ఆరుగురిలో ఇద్దరు స్థానిక సంస్థల ప్రతినిధులు ఉండాలి. తమ పన్ను డబ్బు వేరే మతశాఖ బోధనకు పోతోందని నాన్‌కన్ఫార్మిస్టు క్రైస్తవులు తీవ్రంగా వ్యతిరేకించారు. అనేకులు పన్ను కట్టక ఆస్తుల జప్తుకు సిద్ధపడ్డారు, కొందరు జైలుకు వెళ్లారు.

1906 చట్టం బడి పిల్లలకు భోజనం పెట్టే వీలును కౌన్సిళ్లకు కల్పించింది. 1907 చట్టం వైద్య పరీక్షలు జరిపే బాధ్యతను అప్పగించింది. అంటే కౌన్సిల్ పాత్ర తరగతి గది దాటి పిల్లల క్షేమం వరకు విస్తరించింది.

1944 నాటి బట్లర్ చట్టం తమ ప్రాంతంలో సరిపడా బడులు ఉండేలా చూడటం స్థానిక విద్యాధికార సంస్థల విధి అని స్పష్టం చేసింది. చర్చి బడులకు రెండు దారులు చూపింది. ‘కంట్రోల్డ్’ బడి అయితే ఖర్చంతా కౌన్సిల్‌దే, పెత్తనమూ చాలావరకు దానిదే. ‘ఎయిడెడ్’ బడి అయితే యాజమాన్యం భవనాల ఖర్చులో కొంత భరించి, ఉపాధ్యాయుల నియామకంలో, మతబోధనలో స్వేచ్ఛ నిలుపుకుంటుంది. ఈ దశలో కౌన్సిళ్ల బాధ్యతకు తగిన అధికారం కూడా వాటికి ఉండేది.

4. అధికారం చేజారిన క్రమం (1988 తరువాత)

1988 నాటి విద్యా సంస్కరణల చట్టం జాతీయ పాఠ్యప్రణాళికను తెచ్చింది. బడ్జెట్‌పై నిర్ణయాధికారాన్ని కౌన్సిళ్ల నుంచి బడుల పాలక మండళ్లకు మార్చింది. తల్లిదండ్రుల ఓటుతో కౌన్సిల్ నుంచి విడిపోయి నేరుగా కేంద్ర నిధులు పొందే అవకాశం కూడా కల్పించింది. వెయ్యికి పైగా బడులు అలా విడిపోయాయి. 1998 చట్టం ఆ తరగతిని రద్దు చేసింది.

విడిపోవాలన్న ఆలోచన మాత్రం మిగిలింది. 2002లో మూడు అకాడమీలు ప్రారంభమయ్యాయి. మొదట్లో ఇవి వెనుకబడిన బడులను బాగుచేయడానికి ఉద్దేశించినవి. 2010 నాటికి వీటి సంఖ్య 203. ఆ ఏడాది వచ్చిన అకాడమీల చట్టం మంచి ఫలితాలున్న బడులకు కూడా తలుపులు తెరిచింది. 2011 చట్టం ప్రకారం, కొత్త బడి అవసరమని కౌన్సిల్ భావిస్తే మొదట అకాడమీ కోసమే ప్రతిపాదనలు కోరాలి. 2016 మార్చిలో బడులన్నింటినీ అకాడమీలుగా మార్చాలని ప్రభుత్వం ప్రతిపాదించింది. స్థానిక నాయకుల నుంచి, సొంత పార్టీ సభ్యుల నుంచి కూడా వ్యతిరేకత రావడంతో మే నెలలో ఆ నిర్బంధాన్ని విరమించుకుంది. అయినా 2023 నాటికి ఉన్నత పాఠశాలల్లో నాలుగింట మూడు వంతులకు పైగా అకాడమీలే.

5. కౌన్సిల్‌కు ఏమి మిగిలింది?

అకాడమీలు వచ్చాక కౌన్సిల్ పని అయిపోయిందని అనుకుంటే పొరపాటు. సరిపడా సీట్లు ఉండేలా చూడటం, ప్రవేశాలను సమన్వయం చేయడం, దూరపు పిల్లలకు రవాణా కల్పించడం, బడి నుంచి బహిష్కృతులైన వారికి ప్రత్యామ్నాయ చదువు చూపడం, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు 2014 చట్టం ప్రకారం ప్రణాళికలు తయారుచేయడం: ఇవన్నీ దాని విధులే. బిడ్డ ఏ రకం బడిలో ఉన్నా ఈ విధులు తప్పవు.

ఇబ్బంది ఎక్కడ వస్తుందో చూడండి. ఒక కుటుంబం చదువు మధ్యలో కొత్త పట్టణానికి వచ్చిందనుకుందాం. వారి బిడ్డను చేర్చుకోవడానికి దగ్గరలోని బడులు నిరాకరించాయి. అది కౌన్సిల్ పాఠశాలైతే, ఆ బిడ్డను చేర్చుకునేలా చేసే అధికారం కౌన్సిల్‌కు ఉంది. అదే అకాడమీ అయితే కౌన్సిల్ అభ్యర్థించాలి. కాదంటే కేంద్ర విద్యామంత్రికి నివేదించి, ఆదేశం కోసం ఎదురుచూడాలి. ఈలోగా బిడ్డ ఇంట్లోనే ఉంటుంది. 2024 డిసెంబరులో పార్లమెంటు ముందుకు వచ్చిన పిల్లల సంక్షేమం, పాఠశాలల బిల్లు, అకాడమీలను కూడా ఇలా ఆదేశించే అధికారాన్ని కౌన్సిళ్లకు ప్రతిపాదించడానికి కారణం ఇదే.

అకాడమీలను సమర్థించేవారి వాదన కూడా మీరు తెలుసుకోవాలి. ఫలితాలు లేని బడులను కొన్ని కౌన్సిళ్లు ఏళ్ల తరబడి పట్టించుకోలేదనీ, పాఠశాలకు అతి దగ్గరగా ఉన్నవారే దాన్ని బాగా నడపగలరనీ వారు అంటారు. ఈ వాదనను తేలికగా తీసిపారేయలేం. అయితే ఒక బడిని బాగా నడపడం వేరు, ఏ బడిలోనూ చోటు దొరకని బిడ్డ గురించి ఆలోచించడం వేరు. రెండో పని చేయడానికి ఊరంతటి లెక్కా తెలిసిన ఒక సంస్థ ఉండాలి.

6. సారాంశం

1870 నుంచి బడుల యాజమాన్యం అనేక చేతులు మారింది. ప్రతి బిడ్డ పట్ల బాధ్యత మాత్రం స్థానిక ప్రభుత్వాన్ని వదలలేదు. 1944 తరువాత బాధ్యత, అధికారం ఒకేచోట ఉండేవి. 1988 తరువాత అవి క్రమంగా విడిపోయాయి. బాధ్యత ఉండి అధికారం లేని సంస్థ ఎంత మంచిదైనా బతిమాలడం తప్ప ఎక్కువ చేయలేదన్నది ఈ చరిత్ర నేర్పే పాఠం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 1870, 1902 చట్టాలు చర్చి బడులకు నిధులు ఇచ్చే విషయంలో ఎలా భిన్నమైనవి?
2. ‘కంట్రోల్డ్’, ‘ఎయిడెడ్’ పాఠశాలల మధ్య తేడాలు రాయండి.
3. అకాడమీల విస్తరణ కౌన్సిల్ విధులపై చూపిన ప్రభావాన్ని విశ్లేషించండి.
4. మీ మండలంలో బడి మానేసిన ఒక బిడ్డను తిరిగి చేర్చే బాధ్యత ఎవరిదో, అందుకు వారికున్న అధికారం ఏమిటో తెలుసుకుని ఒక పుటలో రాయండి.