ఎర్త్ గుంతలో నీళ్లు పోశారా?

కరెంటు పుట్టే చోటు జమ్మలమడుగు వాళ్లకు కొత్త కాదు. ఎర్రగుంట్ల, ముద్దనూరు మధ్య కలమల్ల దగ్గర రాయలసీమ థర్మల్ మొదటి యూనిట్ 1994లో మొదలైంది. 210 మెగావాట్ల ఆ యూనిట్‌లో కరెంటు పుట్టేది 15,750 వోల్టులతో, లైనెక్కేది 2,20,000 వోల్టులతో. ఊళ్లోకొచ్చేసరికి 11,000. వీధి ట్రాన్స్‌ఫార్మర్ దాటాక ఇంటికి చేరేది 230. ఇంత తగ్గిపోయింది కదా, ఏం చేస్తుందిలే అన్న ధీమాతోనే ప్రాణాలు పోతున్నాయి.

చంపేది ఒంట్లోంచి పారే కరెంటు. అమెరికాలో బర్క్లీ ఆచార్యుడు చార్లెస్ డాల్జీల్, స్వచ్ఛందంగా వచ్చినవాళ్ల చేతికి తీగ పట్టించి, కరెంటు కొద్దికొద్దిగా పెంచుతూ, ఎంతవరకు వదిలించుకోగలరో కొలిచాడు. మగవాళ్లకు సగటున 16 మిల్లీ ఆంపియర్లు, ఆడవాళ్లకు పదిన్నర. అది దాటితే చెయ్యి బిగుసుకుపోతుంది. తడిసిన కడప బండ మీద వట్టి కాళ్లతో నిలబడ్డ మనిషి ఒళ్లు వెయ్యి ఓమ్‌లు అడ్డుకుందనుకున్నా, 230 వోల్టులకు 230 మిల్లీ ఆంపియర్లు పారతాయి. గుండె లయ తప్పడానికి అది చాలు. 5 ఆంపియర్ల ఫ్యూజుకు అది లెక్కలోకే రాదు. ఫ్యూజు పెట్టింది తీగలు కాలకుండా, మనిషి కోసం కాదు.

మనిషిని కాయాల్సింది ఎర్త్. గొయ్యి తవ్వి, బొగ్గు, ఉప్పు పొరలుగా వేసి, జీఐ పైపు దించి, పైన గరాటు పెడతారు. ఆ గరాటు నీళ్లు పోయడానికే. పెన్న ఒడ్డు నల్లరేగడి తడిగా ఉన్నన్నాళ్లూ కరెంటును బాగా లాక్కుంటుంది. ఎండాకాలంలో నెర్రెలిచ్చి పైపును వదిలేస్తుంది. గ్రైండరులో ఫేజు తీగ ఇనుప ఒంటికి తగిలిందనుకోండి. గుంత నిరోధం 10 ఓమ్‌లైతే దాదాపు 23 ఆంపియర్లు పారి ఫ్యూజు ఎగిరిపోతుంది. గుంత ఎండి 100 ఓమ్‌లైతే పారేది రెండు ఆంపియర్ల పైచిలుకే. ఫ్యూజు కదలదు, గ్రైండరు ఒంటి మీద కరెంటు అట్లాగే నిలబడి ఉంటుంది.

చేలల్లో ఇంకా అన్యాయం. 1956 నాటి భారత విద్యుత్ నియమాల్లో 61వది, మూడు ఫేజుల మోటారుకు రెండు వేర్వేరు ఎర్త్ తీగలు ఉండాలంది, ఒకటి తెగినా రెండోది కాస్తుందని. బోర్ల కాడ అట్లా రెండు తీగలున్న స్టార్టర్ డబ్బాలు ఎన్ని కనిపిస్తాయి? 2004 మేలో పులివెందుల నేత వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉచిత కరెంటు మీద తొలి సంతకం పెట్టారు. రైతుకు బిల్లు భారం దిగింది, ఎర్త్ తీగ బాధ్యత మాత్రం రైతు మీదే ఉండిపోయింది.

నేల ఎండి ఎర్త్ చేతులెత్తేసినా కాయడానికి ఇప్పుడు ఆర్‌సీసీబీ అనే స్విచ్ ఉంది. పోయిన కరెంటుకూ తిరిగొచ్చినదానికీ 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే చాలు, కన్ను మూసి తెరిచేలోపు తెంపేస్తుంది. ఫేజునూ న్యూట్రల్‌నూ రెండు చేతులతో పట్టుకున్నవాణ్ణి మాత్రం అదీ కాపాడలేదు.

ఎవరికైనా షాక్ కొడితే ముందు మెయిన్ ఆపండి, మనిషిని ముట్టుకోవద్దు. దండెం తీగ కరెంటు స్తంభానికి కట్టి ఉంటే లైన్‌మన్‌ను పిలిచి తీయించండి. ఆర్‌సీసీబీ ఉంటే నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కండి, పడకపోతే ఎలక్ట్రీషియన్‌కు చూపించండి. ఈరోజే ఎర్త్ గుంతలో రెండు బిందెల నీళ్లు పోయండి.