తిరిగితే చెడేది ఎవరు? వార్తా వృత్తుల్లో దళిత స్త్రీలు

'తిరక్క మగవాడు చెడతాడు, తిరిగి ఆడది చెడుతుంది' అని మనకొక పాత సామెత ఉంది. విలేకరి పనంటేనే తిరగడం. పోలీస్ స్టేషన్‌కు, ఆసుపత్రికి, పంచాయతీ ఆఫీసుకు, నేరం జరిగిన చోటుకు వెళ్ళాలి. వేళకాని వేళలో ఇల్లు చేరాలి. అందుకే వార్తల రంగంలోకి వచ్చే ఏ ఆడపిల్లకైనా ఈ సామెత ఏదో ఒక రూపంలో ఎదురవుతుంది.

కానీ ఈ సామెతలోని 'ఆడది' ఎవరు? తెల్లవారకముందే సద్ది కట్టుకుని నాట్లకు, కలుపుకు, పత్తి తీతకు పోయే మన తల్లుల్ని తిరగొద్దని ఊరు ఏనాడూ అనలేదు. వాళ్ళు తిరక్కపోతే పొలం పని సాగదు. అదే తల్లి కూతురు చేతిలో మైకు పట్టుకుని సర్పంచ్ ఇంటి ముందు నిలబడి 'ఉపాధి హామీ డబ్బులు ఎందుకు రాలేదు' అని అడిగితే మాత్రం ఊరికి ఒక్కసారిగా పరువు, మర్యాద గుర్తొస్తాయి. అభ్యంతరం తిరగడం మీద కాదు, అడగడం మీద. మీడియాలో స్త్రీల గురించి జరిగే చర్చల్లో ఈ తేడా తరచుగా కనిపించకుండా పోతుంది. అందుకే దళిత స్త్రీల వైపు నుంచి ఈ విషయాన్ని ఒకచోట చేర్చి చెప్పాలనుకున్నాం.

గొంతు కావాలి, మనిషి వద్దు

దళిత స్త్రీ నలుగురి ముందు గొంతు విప్పడం కొత్త కాదు. పత్రికలు, రేడియోలు రాకముందు ఊరికి కథ చెప్పింది, పాట పాడింది, ఆట ఆడింది చాలావరకు మన కులాలే. నిజామాబాద్ ప్రాంతానికి చెందిన చిందు ఎల్లమ్మ చిందు భాగవతంలో పేరు మోసిన కళాకారిణి. రాత్రంతా ఆమె ఆట చూసిన జనంలో అన్ని కులాల వాళ్ళూ ఉన్నారు. అయినా చిందు కళాకారుల కుటుంబాలను ఊరు తన నడుమ నిలుపుకోలేదు.

జోగిని, మాతమ్మ ఆచారాల్లో ఇది మరింత క్రూరంగా కనిపిస్తుంది. జాతరలో ఆడి పాడే స్త్రీని ఊరందరి సొత్తుగా చూశారు. ఈ ఆచారాన్ని నిషేధిస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1988లో చట్టం చేసింది. ఆచారం మీద చట్టం వచ్చినా, 'పదిమంది ముందు నోరు విప్పే ఆడది పదిమందికీ అలుసే' అనే చూపు పోలేదు. ఈరోజు యాంకర్ల మీద, యూట్యూబ్ విలేకరుల మీద వచ్చే నీచమైన కామెంట్లకు మూలం అక్కడుంది. ఆ చూపు బరువును తరతరాలుగా మోసింది దళిత స్త్రీలే.

లెక్కలు చెప్పేది

1996 నవంబరులో సీనియర్ జర్నలిస్టు బి.ఎన్. ఉనియాల్ 'ది పయనీర్' పత్రికలో ఒక వ్యాసం రాశారు. ఒక విదేశీ విలేకరి తనకు దళిత జర్నలిస్టు ఎవరైనా తెలుసా అని అడిగితే, మూడు దశాబ్దాల వృత్తిలో ఒక్కరినీ కలిసినట్టు ఆయనకు గుర్తు రాలేదు. కేంద్ర ప్రభుత్వ గుర్తింపు ఉన్న విలేకరుల జాబితా తీసి వెతికినా ఒక్కరూ దొరకలేదు.

పదేళ్ళ తరువాత, 2006లో, ఢిల్లీలోని జాతీయ మీడియా సంస్థల్లో నిర్ణయాలు తీసుకునే 315 మంది సామాజిక నేపథ్యాన్ని పరిశోధకులు సర్వే చేశారు. అందులో ఎస్సీ, ఎస్టీలు ఒక్కరూ లేరు. 2019లో ఆక్స్‌ఫామ్ ఇండియా, న్యూస్‌లాండ్రీ కలిసి వెలువరించిన నివేదికలో 121 నాయకత్వ స్థానాలకు 106 అగ్రకులాల చేతుల్లో ఉన్నాయి. ఎస్సీ, ఎస్టీలకు మళ్ళీ సున్నా. హిందీ, ఇంగ్లీషు ఛానళ్ళలో చర్చలు నడిపే యాంకర్లలోనూ దళితులు, ఆదివాసీలు, బీసీలు లేరని అదే నివేదిక చెప్పింది.

ఈ సున్నాలో స్త్రీల సున్నా కూడా ఉంది. న్యూస్ రూముల్లో ఆడవాళ్ళ సంఖ్య పెరిగిందని సంతోషించే ముందు, ఏ ఆడవాళ్ళు అని అడగాల్సిన అవసరం అందుకే ఉంది.

మాచ్నూర్ రేడియో

సంగారెడ్డి జిల్లా ఝరాసంగం మండలం మాచ్నూర్ నుంచి వినపడే సంగం రేడియో కథ దీనికి పూర్తిగా భిన్నమైంది. జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో ఉన్నవాళ్ళు ఎక్కువగా దళిత స్త్రీలు, చిన్న కమతాల రైతులు, కూలీలు. 1990ల చివర్లో యునెస్కో సాయంతో అక్కడ స్టూడియో ఏర్పడింది. ప్రసారానికి మాత్రం అనుమతి లేదు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే తీర్పు చెప్పింది. అయినా ప్రభుత్వం మొదట విద్యాసంస్థలకే క్యాంపస్ రేడియోలు ఇచ్చింది, పల్లె సంఘాలకు తలుపు తెరవడానికి 2006 దాకా పట్టింది. అన్నేళ్ళూ ఈ స్త్రీలు కార్యక్రమాలు రికార్డు చేసి, క్యాసెట్లు సంఘాల మీటింగుల్లో వినిపించుకున్నారు. 2008 అక్టోబర్ 15న, అంతర్జాతీయ గ్రామీణ మహిళా దినం నాడు, 90.4 ఎఫ్‌ఎం మీద వాళ్ళ గొంతు గాలిలోకి వెళ్ళింది.

ఆ స్టేషన్‌ను నడిపించిన ఇద్దరి పేర్లూ నర్సమ్మే. ఒకరు జనరల్ నర్సమ్మ, ఇంకొకరు అల్గోల్ నర్సమ్మ. ఇద్దరూ దళిత స్త్రీలు. విత్తనాలు, చిరుధాన్యాలు, పశువుల జబ్బులు, ఆడవాళ్ళ ఆరోగ్యం, బతుకమ్మ పాటలు, అన్నీ అక్కడి యాసలోనే ప్రసారమయ్యాయి. రేడియోలో మాట్లాడాలంటే 'మంచి తెలుగు' రావాలనే నమ్మకాన్ని ఆ స్టేషన్ పక్కన పెట్టింది.

అదే సంస్థలో కెమెరా నేర్చుకున్న స్త్రీలు మరో మెట్టు ఎక్కారు. వరంగల్ బీటీ పత్తి రైతుల కష్టం మీద వాళ్ళు 2003లో తీసిన చిత్రం దేశదేశాల్లో ప్రదర్శించబడింది. బడి ముఖం పెద్దగా చూడని వాళ్ళు కెమెరా కోణాలకు తమ పేర్లు తామే పెట్టుకున్నారు. పై నుంచి కిందికి చూసేది పటేల్ షాట్. కింద నుంచి పైకి చూసేది దొర ముందు నిలబడ్డ జీతగాడి చూపు. కళ్ళలో కళ్ళు పెట్టి సమానంగా చూసేది సంగం షాట్. కెమెరా ఎక్కడ పెడుతున్నామన్నది కులానికి, అధికారానికి సంబంధించిన విషయమని వాళ్ళకు ఎవరూ పాఠం చెప్పక్కరలేకపోయింది.

బుందేల్‌ఖండ్ పత్రిక

ఉత్తరప్రదేశ్ చిత్రకూట్‌లో 2002లో మొదలైన 'ఖబర్ లహరియా' ఇలాంటి మరో ప్రయత్నం. దళిత, ఆదివాసీ, ముస్లిం, వెనుకబడిన కులాల స్త్రీలు బుందేలీలో నడిపిన పత్రిక అది. తరువాత పూర్తిగా డిజిటల్‌గా మారింది. వ్యవస్థాపకుల్లో ఒకరైన కవితాదేవి చిన్న వయసులోనే పెళ్ళయిన దళిత స్త్రీ. చదువు తరువాత నేర్చుకుని ఎడిటర్ స్థాయికి ఎదిగారు. పత్రికకు 2004లో చమేలీదేవి జైన్ పురస్కారం, 2009లో యునెస్కో సాక్షరతా పురస్కారం వచ్చాయి. వాళ్ళ మీద తీసిన 'రైటింగ్ విత్ ఫైర్' డాక్యుమెంటరీ 2022లో ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్ళింది. ఆ చిత్రం తమ పనిలో ఒక భాగాన్నే చూపిందని ఖబర్ లహరియా బహిరంగంగా చెప్పింది. తమ కథను ఇతరులు మెచ్చుకుంటూ చెప్పినా, తప్పు తప్పే అనగలగడం కూడా జర్నలిజమే.

పురస్కారాలు వీధిలో రక్షణ ఇవ్వవు. 2015లో ఒక వ్యక్తి నెలల తరబడి ఆ పత్రిక విలేకరులకు ఫోన్లు చేసి వేధించాడు. ఫిర్యాదు చేసినా కదలిక రాలేదు. ఆ అనుభవాన్ని వాళ్ళే బయట రాసి, అది నలుగురికీ తెలిశాక గానీ అరెస్టు జరగలేదు. రాయడం తెలిసిన వాళ్ళకే అంత కాలం పట్టిందంటే, మండలంలో ఒంటరిగా పనిచేసే అమ్మాయి సంగతి ఆలోచించండి.

'మీరేమిట్లు?'

తెలుగు నేల మీద ఈ రంగంలోకి వచ్చే దళిత అమ్మాయి దాటాల్సిన గడపలు చాలానే ఉన్నాయి.

మొదటిది ఇల్లు. టీచరు, నర్సు, బ్యాంకు ఉద్యోగం అంటే తల్లిదండ్రులకు ధైర్యం. జీతం తెలుసు, వేళ తెలుసు, రిజర్వేషన్ ఉంది. ప్రైవేటు మీడియాలో ఇవేవీ లేవు. కాబట్టి వాళ్ళ భయాన్ని వెనకబాటుతనం అని కొట్టిపారేయలేం. తరంలో మొదటిసారి డిగ్రీ చేతికొచ్చిన ఇల్లు జూదం ఆడలేదు.

రెండోది నగరంలో గది. ఉద్యోగం ఏమిటని అడిగిన ఇంటి యజమాని, రాత్రి షిఫ్టు అనగానే మొహం మారుస్తాడు. ఆ వెంటనే 'మీరేమిట్లు?' అంటాడు. ఒకే గుమ్మం ముందు ఆడదానిగా ఒకసారి, దళితురాలిగా ఒకసారి పరీక్ష జరుగుతుంది.

మూడోది డబ్బు. మండల స్థాయి విలేకరికి చాలా చోట్ల జీతం నామమాత్రం. పైగా ప్రకటనలు తేవాలి. ప్రకటనలు ఇచ్చేది రైస్ మిల్లు యజమాని, కాంట్రాక్టరు, రాజకీయ నాయకుడు. ఆ పరిచయాలు కులం ద్వారా, బంధుత్వం ద్వారా వచ్చేవి. వాళ్ళ దగ్గర కూలి చేసిన కుటుంబం నుంచి వచ్చిన అమ్మాయి ప్రకటన అడగడం ఒక అగ్నిపరీక్ష. వాళ్ళ మీదే వార్త రాయడం ఇంకో అగ్నిపరీక్ష.

నాలుగోది భాష. తెలంగాణ యాసలో వార్తలు చెప్పే తీన్మార్ తరహా కార్యక్రమాలకు జనం బ్రహ్మరథం పట్టారు. అయినా యాస ఎక్కువగా నవ్వించడానికే పనికొస్తుంది. బడ్జెట్ మీద, కోర్టు తీర్పు మీద మాట్లాడాల్సి వస్తే మళ్ళీ 'శుద్ధమైన' తెలుగే కావాలంటారు. వాడ నుంచి వచ్చిన గొంతుకు వినోదంలో దొరికిన చోటు విశ్లేషణలో దొరకదు.

ఐదోది బీటు. చేరిన దళిత అమ్మాయికి అత్యాచారాల వార్తలు, సంక్షేమ హాస్టళ్ళ వార్తలు అప్పగిస్తారు. రాజకీయం, వ్యాపారం వేరే వాళ్ళకు వెళ్తాయి. మన బాధ రాయడానికి మనం కావాలి, మిగతా లోకాన్ని రాయడానికి మనం పనికిరామన్నమాట.

మన లోపల కూడా చూసుకోవాలి. అంబేడ్కర్ 1920లో 'మూక్‌నాయక్' పెట్టింది మూగబోయిన జనానికి గొంతు ఇవ్వడానికి. కానీ మన సంఘాల ప్రెస్‌మీట్లలో మైకుల ముందు వరసగా కూర్చునేది మగవాళ్ళే. ఆడవాళ్ళను పిలిచేది బాధితురాలి పక్కన కూర్చోడానికి. దళిత స్త్రీల రచనలు లేక కాదు. గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన 'నల్లపొద్దు' సంకలనం 1921 నుంచి వచ్చిన రచనలను ఒకచోట చేర్చింది. రాసేవాళ్ళు ఉన్నారు, మాట్లాడేవాళ్ళు ఉన్నారు. ముందు వరసలో కుర్చీయే లేదు. ఢిల్లీలో మీనా కోత్వాల్ 2021లో అదే 'మూక్‌నాయక్' పేరుతో వార్తా వెబ్‌సైట్ మొదలుపెట్టి ఆ కుర్చీ తానే వేసుకున్నారు.

తెలుసుకోవలసిన చట్టాలు

పనిచోట లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం పర్మనెంట్ ఉద్యోగులకే కాదు, కాంట్రాక్టు, తాత్కాలిక, ట్రైనీ, జీతం లేకుండా పనిచేసేవాళ్ళకు కూడా వర్తిస్తుంది. పని మీద వెళ్ళిన చోటు, సంస్థ ఇచ్చిన వాహనం కూడా పనిచోటే. పదిమంది లేదా ఎక్కువ మంది ఉన్న సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి. అంతకంటే తక్కువ ఉంటే జిల్లాలోని స్థానిక కమిటీకి వెళ్ళవచ్చు. ఘటన జరిగిన 3 నెలల్లోగా ఫిర్యాదు రాతపూర్వకంగా ఇవ్వాలి. తగిన కారణం ఉంటే కమిటీ మరో 3 నెలలు పొడిగించవచ్చు.

1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించారు. దళిత స్త్రీ పట్ల, ఆమె దళితురాలని తెలిసి, లైంగికపరమైన మాటలు, సైగలు, చేష్టలకు దిగడం కూడా అందులో నేరమే. పదిమందికి తెలిసేలా కులం పేరుతో దూషించడమూ నేరమే. ఆన్‌లైన్‌లో చేసిన అవమానం కూడా బహిరంగంగా చేసినట్టేనని 2022లో కేరళ హైకోర్టు ఒక యూట్యూబర్ కేసులో చెప్పింది. అయితే అవమానం కులం కారణంగా జరిగిందని చూపించాల్సి ఉంటుంది. కాబట్టి కామెంట్లను, మెసేజ్‌లను తేదీ, ఖాతా పేరు కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి దాచుకోవాలి. 2018 సవరణ తరువాత ఎఫ్‌ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అవసరం లేదు. ఎస్సీ, ఎస్టీ కాని అధికారి కావాలని విధి నిర్వహించకపోతే సెక్షన్ 4 కింద అతని మీద కూడా కేసు పెట్టవచ్చు. అత్యాచారాల ఫిర్యాదులకు జాతీయ హెల్ప్‌లైన్ 14566, మహిళల హెల్ప్‌లైన్ 181.

చట్టం అవసరమే, అది ఒక్కటే చాలదు. సంస్థలు ఉద్యోగ ప్రకటనలు బహిరంగంగా ఇవ్వాలి. మండల విలేకరికి ప్రకటనల వాటా మీద కాకుండా జీతం మీద బతికే వీలు కల్పించాలి. రాత్రి పనికి వాహనం ఇవ్వాలి. ఇక మన వాడల్లో, జర్నలిజంలో చేరతానన్న అమ్మాయికి ముందు మనం అడ్డం పడకుండా ఉండాలి. కలుపు తీయడానికి పది ఊళ్ళు తిరిగిన తల్లి చెడిపోలేదు. వార్త కోసం తిరిగే కూతురూ చెడదు.