అమెరికాలో .22 రివాల్వర్ కొంటున్నారా? మోడల్ కంటే ముందు మీ వీసా చూసుకోండి

వీకెండ్‌లో కొలీగ్స్‌తో కలిసి షూటింగ్ రేంజ్‌కు వెళ్లడం అమెరికాలో మామూలు విషయమే. టెక్సాస్, జార్జియా లాంటి రాష్ట్రాల్లో ఉండే మనవాళ్లకు కూడా ఇలాంటి పిలుపులు వస్తుంటాయి. ఒకటి రెండు సార్లు వెళ్లొచ్చాక ‘మనమే ఒకటి కొనుక్కుంటే పోలా’ అనిపిస్తుంది. అప్పుడు ఎక్కువగా వినిపించే సలహా .22 డబుల్ యాక్షన్ రివాల్వర్. శబ్దం తక్కువ, చేతికి తగిలే కుదుపు తక్కువ, తూటాల ఖర్చూ తక్కువ. సలహా మంచిదే. కానీ మీరు హెచ్-1బి మీదో, ఎఫ్-1 మీదో ఉంటే ఆ రివాల్వర్‌ను కొనడమే కాదు, రేంజ్‌లో అద్దెకు తీసుకుని పట్టుకోవడం కూడా నేరం కావచ్చు. అందుకే ముందు చట్టం, తర్వాతే మోడల్.

అసలు మీరు కొనొచ్చా?

అమెరికా పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు కొనొచ్చు. తాత్కాలిక వీసాపై ఉన్నవాళ్ల సంగతి వేరు. హెచ్-1బి, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1, విజిటర్ వీసా బి-2 అన్నీ చట్టం దృష్టిలో ‘నాన్ ఇమిగ్రెంట్’ వీసాలే. ఓపీటీలో పనిచేస్తున్నా మీరు ఎఫ్-1 కిందే లెక్క. ఈ వీసాలపై వచ్చినవాళ్లు తుపాకీ గానీ, తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదని అమెరికా ఫెడరల్ చట్టం చెబుతోంది. రాష్ట్రం ఏదైనా ఈ నిబంధన వర్తిస్తుంది.

దీనికి కొన్ని మినహాయింపులున్నాయి. సామాన్యులకు ఉపయోగపడేది ఒక్కటే. అమెరికాలోని ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ మీ పేరు మీద ఉంటే నిషేధం వర్తించదు. గడువు తీరిన మర్నాటి నుంచి ఆ రక్షణ పోతుంది. రేంజ్‌లో అద్దెకు తీసుకునే తుపాకీకి కూడా ఇదే రూల్. కౌంటర్‌లో ఉన్న వ్యక్తి వీసా గురించి అడగలేదంటే మీకు అనుమతి ఉన్నట్టు కాదు.

గ్రీన్‌కార్డుకు అప్లై చేసి ఎదురుచూస్తున్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. దరఖాస్తు పెండింగ్‌లో ఉండటం వేరు, గ్రీన్‌కార్డు చేతికి రావడం వేరు. మీ కేసు ఏ దశలో ఉందో చూసి ఇమిగ్రేషన్ లాయర్ చెప్పాకే ముందుకెళ్లండి.

ఈ నిషేధాన్ని ఉల్లంఘిస్తే గరిష్ఠంగా 15 ఏళ్ల జైలు శిక్ష పడొచ్చు. 2022లో చట్టాన్ని సవరించక ముందు ఇది 10 ఏళ్లు. పైగా తుపాకీ నేరం రుజువైతే దేశం నుంచి పంపించేయడానికి అదే కారణమవుతుంది. ఒక్క శనివారం సరదా కోసం ఏళ్ల తరబడి కట్టుకున్న ఉద్యోగం, గ్రీన్‌కార్డు క్యూలో మీ స్థానం రెండూ పణంగా పెట్టినట్టే.

ఫ్రెండ్ పేరు మీద కొంటే?

వద్దు. షాపులో కొనేటప్పుడు 4473 అనే ఫారం నింపాలి. అసలు కొనుగోలుదారు మీరేనా, మీ పౌరసత్వం ఏంటి, నాన్ ఇమిగ్రెంట్ వీసాపై వచ్చారా అన్న ప్రశ్నలు అందులో ఉంటాయి. తర్వాత ఎఫ్‌బీఐ నడిపే వ్యవస్థ ద్వారా మీ నేపథ్యాన్ని తనిఖీ చేస్తారు. ఫారంలో అబద్ధం రాయడమే ఒక నేరం. కొనడానికి వీల్లేని మనిషి కోసం మరొకరు తమ పేరు మీద కొనడాన్ని ‘స్ట్రా పర్చేజ్’ అంటారు. 2022 చట్టం దీన్ని ప్రత్యేక నేరంగా చేర్చింది. దీనికీ 15 ఏళ్ల వరకు శిక్ష ఉంది. అంటే మీతో పాటు ఆ స్నేహితుడూ ఇరుక్కుంటాడు.

రాష్ట్రానికో రూల్

ఫెడరల్ చట్టం దాటాక రాష్ట్రం నిబంధనలు వస్తాయి. టెక్సాస్, జార్జియాల్లో కొనడానికి విడిగా పర్మిట్ అక్కర్లేదు. ఇల్లినాయిలో తుపాకీకైనా, తూటాలకైనా ముందుగా ‘ఫోయిడ్’ కార్డు తీసుకోవాలి. న్యూజెర్సీలో ఒక్కో హ్యాండ్‌గన్‌కు ఒక్కో కొనుగోలు పర్మిట్ కావాలి. న్యూయార్క్‌లో హ్యాండ్‌గన్ ఇంట్లో ఉంచుకోవాలన్నా లైసెన్స్ ఉండాలి. కాలిఫోర్నియాలో సేఫ్టీ పరీక్ష పాసవ్వాలి, డబ్బు కట్టాక 10 రోజులు ఆగాలి, రాష్ట్రం ఆమోదించిన జాబితాలో ఆ మోడల్ ఉందో లేదో చూసుకోవాలి. వయసు విషయానికొస్తే, షాపుల్లో హ్యాండ్‌గన్ అమ్మకానికి సాధారణంగా 21 ఏళ్లు నిండాలి. పక్క రాష్ట్రంలో చవకగా దొరికిందని అక్కడే కొని తెచ్చుకోవడం కుదరదు. దాన్ని మీ రాష్ట్రంలోని లైసెన్స్ ఉన్న డీలర్‌కు పంపించుకుని, అక్కడ తనిఖీ పూర్తయ్యాక తీసుకోవాలి.

.22 అంటే ఏంటి? డబుల్ యాక్షన్ అంటే?

ఇక్కడ .22 అంటే .22 లాంగ్ రైఫిల్ తూటా. పేరులో రైఫిల్ ఉన్నా రివాల్వర్లలోనూ వాడతారు. 1887 నుంచి ఉంది. పెద్ద తూటాల్లో పేలుడు మందును అంటించే ప్రైమర్ అడుగు భాగం మధ్యలో ఉంటుంది. ఇందులో మాత్రం తూటా అంచు లోపల ఉంటుంది. అందుకే దీన్ని రిమ్‌ఫైర్ అంటారు. .22 మ్యాగ్నమ్ అని మరొకటి ఉంది. పేరు దగ్గరగా ఉన్నా కొలత వేరు. ఒకదాని బదులు మరొకటి వాడకూడదు. బ్యారెల్‌పై ఏది రాసి ఉంటే అదే కొనాలి.

డబుల్ యాక్షన్‌లో ట్రిగ్గర్ ఒక్కసారి నొక్కితే రెండు పనులు జరుగుతాయి. సిలిండర్ తిరుగుతూ హ్యామర్ వెనక్కి వెళ్తుంది, తర్వాత హ్యామర్ కొడుతుంది. కావాలంటే బొటనవేలితో హ్యామర్‌ను ముందే వెనక్కి లాగి, తేలికైన ట్రిగ్గర్‌తోనూ కాల్చొచ్చు. ఆ రెండోదాన్ని సింగిల్ యాక్షన్ అంటారు. షాపులో చవకగా కనిపించే రూగర్ రాంగ్లర్, హెరిటేజ్ రఫ్ రైడర్ సింగిల్ యాక్షన్ మాత్రమే. ప్రతిసారీ హ్యామర్ లాగాల్సిందే. రేటు చూసి పొరబడకండి.

ఎంచుకునేటప్పుడు ఏం చూడాలి?

ట్రిగ్గర్: అన్నిటికంటే ముఖ్యం ఇదే. రిమ్‌ఫైర్ తూటా నమ్మకంగా పేలాలంటే అంచు మీద గట్టి దెబ్బ పడాలి. అందుకని స్ప్రింగ్ గట్టిగా పెడతారు. ఫలితంగా .22 రివాల్వర్లలో డబుల్ యాక్షన్ ట్రిగ్గర్ బరువుగా ఉంటుంది. 5 నుంచి 6 కిలోల బలం అవసరమయ్యేవి మామూలే. చూపుడు వేలి మొదటి కణుపు దాకా ట్రిగ్గర్‌పై సౌకర్యంగా ఆనుతోందా, చేయి వణకకుండా చివరి దాకా నొక్కగలుగుతున్నారా అన్నది షాపులోనే చూసుకోవాలి. కానీ ఖాళీ తుపాకీ ట్రిగ్గర్ నొక్కే ముందు షాపువాళ్లను అడగండి. కొన్ని రిమ్‌ఫైర్ మోడళ్లలో తూటా లేకుండా నొక్కితే పిన్ను నేరుగా సిలిండర్ అంచుకు తగిలి నొక్కు పడుతుంది.

బరువు, బ్యారెల్: జేబులో పెట్టుకోవడానికి తేలికైనది బాగుంటుంది. రేంజ్‌లో మాత్రం బరువైనదే నయం. గట్టి ట్రిగ్గర్ నొక్కుతున్నప్పుడు తేలిక రివాల్వర్ అటూ ఇటూ కదిలిపోతుంది, బరువైనది నిలకడగా ఉంటుంది. బ్యారెల్ 4 అంగుళాలు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే ముందు, వెనక సైట్ల మధ్య దూరం పెరిగి గురిలో పొరపాటు తగ్గుతుంది.

సైట్లు: వెనక సైట్ సర్దుకునేలా ఉండాలి. .22 తూటాల్లో ఒక్కో బ్రాండ్ ఒక్కోచోట తగులుతుంది. సర్దుకునే వీలు లేకపోతే ఆ తేడా అలాగే ఉండిపోతుంది.

ఏది ఎవరికి?

స్మిత్ అండ్ వెసన్ 617: 10 తూటాలు, 4 లేదా 6 అంగుళాల బ్యారెల్. 4 అంగుళాలదే సుమారు 1.1 కిలోలు. టార్గెట్ ప్రాక్టీస్ కోసమే కొనేవాళ్లకు సరైనది. 1931లో వచ్చిన కె-22 వంశంలోదే ఇది. ధర ఎక్కువ.

రూగర్ జీపీ100 (.22): 10 తూటాలు, 5.5 అంగుళాలు, దాదాపు 1.2 కిలోలు. 617కు గట్టి పోటీ.

రూగర్ ఎస్‌పీ101 (.22): 8 తూటాలు, 4.2 అంగుళాలు, సుమారు 850 గ్రాములు. పై రెండూ బరువనిపిస్తే ఇది మధ్యే మార్గం. చిన్న చేతులకు బాగా ఇముడుతుంది.

రూగర్ ఎల్‌సీఆర్ (.22): 8 తూటాలు, 2 అంగుళాల కంటే పొట్టి బ్యారెల్, సుమారు 420 గ్రాములు. హ్యామర్ లోపలే ఉండటంతో సింగిల్ యాక్షన్ కుదరదు. చూడ్డానికి ముచ్చటగా ఉన్నా కొత్తవాళ్లు దీనితో గురి నేర్చుకోవడం కష్టం. ఇదే తరహాలో హ్యామర్ బయటకు ఉండి, 3 అంగుళాల బ్యారెల్‌తో వచ్చే ఎల్‌సీఆర్ఎక్స్ రేంజ్‌కు కొంత మెరుగు.

టారస్ 942: 8 తూటాలు. బడ్జెట్ తక్కువగా ఉన్నవాళ్లు చూసేది. ఒక్కో పీస్‌కు ట్రిగ్గర్ తేడా ఉండొచ్చు కాబట్టి చేతిలోకి తీసుకుని చూశాకే కొనండి.

అద్దెకు ఇచ్చే రేంజ్ దగ్గర్లో ఉంటే ముందు ఒకటి బరువైనది, ఒకటి తేలికది తీసుకుని చెరో 50 తూటాలు కాల్చి చూడండి. ఏ రివ్యూ కంటే అదే ఎక్కువ చెబుతుంది.

రేంజ్‌లో ఇవి మరవొద్దు

శబ్దం తక్కువే అన్నారని చెవులకు రక్షణ లేకుండా వెళ్లకండి. కళ్లద్దాలూ తప్పనిసరి. సిలిండర్‌కు, బ్యారెల్‌కు మధ్య ఉన్న సన్నటి సందులోంచి వేడి వాయువు బయటకు చిమ్ముతుంది. పిస్టల్ పట్టుకున్నట్టు బొటనవేళ్లు ముందుకు చాపితే కాలుతుంది. వేళ్లన్నీ సిలిండర్ వెనకే ఉండాలి.

తూటా పేలకపోతే వెంటనే తెరిచి చూడకండి. బ్యారెల్‌ను టార్గెట్ వైపే ఉంచి 30 సెకన్లు ఆగండి. ఆలస్యంగా పేలే అవకాశం ఉంటుంది.

.22 మందు మసి ఎక్కువ. కొన్ని వందల తూటాలయ్యేసరికి గదుల్లో మసి పేరుకుని కొత్త తూటాలు లోపలికి పోవు, ఖాళీవి బయటకు రావు. చిన్న బ్రష్‌తో అప్పుడప్పుడూ శుభ్రం చేసుకోవాలి. ఆ మసిలో సీసం ఉంటుంది. రేంజ్ నుంచి వచ్చాక సబ్బుతో చేతులు, ముఖం కడుక్కుని, బట్టలు మార్చుకున్నాకే పిల్లల్ని ఎత్తుకోండి. ఇంట్లో రివాల్వర్‌ను ఖాళీ చేసి తాళం వేసి ఉంచాలి. తూటాలు వేరే చోట, వాటికీ తాళం ఉండాలి.

ఇండియాకు బయల్దేరేటప్పుడు

.22 తూటా చిటికెన వేలి గోరంత మందం కూడా ఉండదు. బ్యాగ్ అరల్లో ఇరుక్కుంటే కంటికి కనిపించదు, స్కానర్‌కు మాత్రం దొరుకుతుంది. ఇండియాలో లైసెన్స్ లేకుండా ఒక్క తూటా దొరికినా 1959 నాటి ఆయుధ చట్టం కింద కేసు పెట్టొచ్చు. తెలియక వచ్చిందని రుజువు చేసుకుని కోర్టుల్లో ఊరట పొందినవాళ్లున్నారు. కానీ అప్పటికే ఫ్లయిట్ పోతుంది, పాస్‌పోర్టు, లాయర్, వాయిదాలతో సెలవంతా గడిచిపోతుంది. కాబట్టి రేంజ్‌కు తీసుకెళ్లే బ్యాగ్‌ను ప్రయాణానికి ఎప్పుడూ వాడకండి. ఆ రోజు వేసుకున్న జాకెట్ జేబులు కూడా తిరగేసి చూసుకోండి.

కొనే ముందు వరుసగా చూసుకోవాల్సినవి

1. నా ఇమిగ్రేషన్ స్టేటస్ ఏంటి? వీసా అయితే గడువున్న హంటింగ్ లైసెన్స్ ఉందా?
2. నా రాష్ట్రంలో పర్మిట్, శిక్షణ, వెయిటింగ్ రూల్స్ ఏంటి?
3. ఇంట్లో తాళం వేసే పెట్టె ఉందా?
4. డబుల్ యాక్షన్ ట్రిగ్గర్‌ను వణకకుండా నొక్కగలుగుతున్నానా?
5. బ్యారెల్ 4 అంగుళాలుందా, వెనక సైట్ సర్దుకోవచ్చా?

మొదటి ప్రశ్నకు స్పష్టమైన జవాబు లేకపోతే మిగతా నాలుగూ అక్కడే ఆపేయండి.