యంత్రం మారినా పని ఆగకూడదు

ప్రత్యేక సంచికకు పాత ముచ్చట ఏదైనా వ్రాసి ఇమ్మని మన కార్యదర్శిగారు అడిగినప్పుడు నాకు కంప్యూటరు సెంటరు రోజులే గుర్తుకు వచ్చాయి. ఒకటో తేదీన పాసుబుక్కు చూసుకునే మనకు, ఆ లెక్క కట్టే యంత్రం ఎన్నిసార్లు మారిందో తెలియదు. ఒక యంత్రం మీద నడిచే పనిని మరో దాని మీదకు తరలించే పద్ధతులు ఎలా వచ్చాయో నాకు తెలిసినంతలో చెబుతాను.

ఐ.బి.ఎం. సంస్థ 1959లో ప్రకటించిన 1401 యంత్రం మన దేశంలోనూ చాలా కార్యాలయాలకు పరిచయమే. దానికి వ్రాసిన ప్రోగ్రాము వేరే రకం యంత్రం మీద నడిచేది కాదు. యంత్రం మారిస్తే ప్రోగ్రాములన్నీ తిరగరాయవలసిందే. 1964 ఏప్రిల్ 7న అదే సంస్థ సిస్టం 360ని ప్రకటించింది. చిన్నదానికి వ్రాసినది పెద్దదాని మీదా నడిచే కుటుంబం అది. మరి అప్పటికే 1401 మీద పేరుకుపోయిన పనుల మాటేమిటి? కొన్ని 360 మోడళ్ళు 1401లాగా నటించే ఏర్పాటు చేశారు. కొత్త ఇంట్లో పాత పొయ్యి పెట్టుకున్నట్లు ఉండేది. 1978లో ఐ.బి.ఎం. మన దేశం నుంచి వెళ్ళిపోయాక, ఆ యంత్రాల నిర్వహణను ప్రభుత్వరంగ సంస్థ సి.ఎం.సి. చేపట్టింది.

మా కార్యాలయం యంత్రం మార్చింది 1987లో. అప్పట్లో తరలింపును అదుపుచేసే సాధనం అంటే ఒక ఫుల్‌స్కేప్ రిజిస్టరు. ప్రతి పనికి ఒక వరుస: ఎప్పుడు నడవాలి, ఏ టేపులు కావాలి, దానికి ముందు ఏది పూర్తికావాలి, చివర మొత్తం ఎంత రావాలి. ఫిబ్రవరి, మార్చి నెలల జీతాలు, పెన్షన్లు రెండు యంత్రాల మీదా కట్టి, మొత్తాలు పైసాతో సహా సరిపోయాయని సంతకాలు చేశాం. ఏప్రిల్‌లో పాతదాన్ని విప్పేశారు.

ఆ ఏడాది రెండో విడత కరువు భృతి ఉత్తర్వు వచ్చాక బయటపడింది అసలు సంగతి. కుటుంబ పెన్షనుదారుల బకాయిలు కట్టే ప్రోగ్రాము వేరు; ఏడాదికి రెండుసార్లే నడిచేది. ఫిబ్రవరి, మార్చిలలో దాని అవసరం రాలేదు కనుక రిజిస్టరులోకి ఎక్కలేదు. రాత్రి షిఫ్టు ఆపరేటరు ఒకాయన సొంత నోటుపుస్తకంలో మాత్రం ఎర్రసిరాతో వ్రాసుకుని ఉంది. జాబితా తయారుచేసిన కమిటీ ప్రోగ్రామర్లను అడిగింది కాని ఆపరేటర్లను అడగలేదు. ఆ కమిటీలో నేనూ ఒకణ్ణి. చేత్తో లెక్కలు కట్టి బకాయిలు ఇచ్చేసరికి ఏడు వారాలు పట్టింది. ఆ ఏడు వారాలూ పాసుబుక్కు పట్టుకుని కౌంటరు దగ్గరకు వచ్చిన తల్లుల మొహాలు నేను మర్చిపోలేదు.

ఇప్పటి పద్ధతి వేరు. ఒకే యంత్రాన్ని అనేక యంత్రాలుగా కనిపించేలా చేసే విద్య పాతదే, ఐ.బి.ఎం. 1972లోనే వి.ఎం. 370ని ప్రకటించింది. 1998లో మొదలైన వి.ఎం.వేర్ సంస్థ దాన్ని మామూలు సర్వర్లకు తెచ్చి, 2003లో వీమోషన్ అనే సదుపాయం ఇచ్చింది. నడుస్తున్న వర్చువల్ యంత్రాన్ని ఆపకుండానే ఇంకో సర్వరు మీదకు పంపుతుందది. డిస్కు ఉన్నచోటే ఉంటుంది, జ్ఞాపకం మాత్రం కదులుతుంది. పని సాగుతుండగానే జ్ఞాపకంలోని పేజీలను అవతలికి నకలు తీస్తారు. ఈలోగా మారిన పేజీలను మళ్ళీ తీస్తారు. చివరికి మిగిలిన కొద్దిపాటి కోసం రెప్పపాటు ఆపి, అవతల మొదలుపెడతారు. 2005లో కేంబ్రిడ్జి పరిశోధకులు జెన్ అనే వ్యవస్థతో, ఆట నడుస్తున్న సర్వరును 60 మిల్లీసెకన్ల విరామంతో తరలించి చూపారు.

పర్యవేక్షణకు వర్చువల్ సెంటర్ అనే తెర వచ్చింది. అవతలి సర్వరుకు అదే డిస్కు అందుతుందా, ప్రాసెసరు సరిపడుతుందా అని ముందే చూసి, కుదరకపోతే నిరాకరిస్తుంది. మరమ్మతు ఉంటే ఆ సర్వరు మీది పనులన్నిటినీ పక్కవాటికి పంపుతుంది. 2006 నుంచి భారం ఎక్కువైన చోటి నుంచి తక్కువ ఉన్నచోటికి తనంతట తానే సర్దుతుంది. ఫలానా రెండూ ఒకే సర్వరు మీద ఉండరాదని నియమం కూడా పెట్టవచ్చు. ఒకటి పడిపోయినా రెండోది నిలవాలని. మా రిజిస్టరులో ఇలాంటి గడి ఒక్కటీ లేదు.

హైదరాబాదులో ఈ పనే చేసే మా మేనల్లుణ్ణి, మీకు మాలాంటి పొరపాటు జరగదా అని అడిగాను. "మొత్తం యంత్రమే కదులుతుంది మామయ్యా, మర్చిపోయిన ప్రోగ్రాము కూడా దానితోపాటే వచ్చేస్తుంది" అన్నాడు. బాగుందిరా అన్నాను. కాస్సేపాగి, "కాకపోతే ఏం చేస్తున్నాయో ఎవరికీ తెలియనివి మా దగ్గర కొన్ని ఉన్నాయి, ఆపడానికి ఎవరికీ ధైర్యం చాలటంలేదు" అని నవ్వాడు.

"ఆపేముందు ఒక ఏడాదైనా కనిపెట్టి చూడు. రెండు విడతల కరువు భృతీ దాటనీ" అన్నాను. వాడికి అర్థం కాలేదు. కూర్చోబెట్టి ఎర్రసిరా కథ చెప్పాను.