ఎడారి ఆకాశంలో 27వ ఫైటర్ దళం

1942 సెప్టెంబరు 1న ఈజిప్టులోని అలం హల్ఫా ప్రాంతంలో హాన్స్-యోవాకిమ్ మార్సెయ్ అనే ఇరవై రెండేళ్ల జర్మన్ పైలట్ ఒక్కరోజులో 17 శత్రు విమానాలు కూల్చినట్టు నమోదైంది. మర్నాడే జర్మన్ సేనాని ఫీల్డ్ మార్షల్ రొమ్మెల్ అక్కడి దాడి విరమించి సేనలను వెనక్కి తీసుకోవాలని నిర్ణయించుకున్నాడు. ఆకాశంలో అంత గెలుపు, నేలమీద ఈ ఓటమి ఒకదాని వెంట ఒకటి ఎలా వచ్చాయి? మార్సెయ్ పనిచేసిన యాగ్ట్‌గెష్వాడర్ 27, అంటే 27వ ఫైటర్ దళం చరిత్రలో ముఖ్యమైన ప్రశ్న ఇదే.

ఈ దళం 1939 అక్టోబరులో ఏర్పడింది. 1940లో ఫ్రాన్స్ మీదా, తర్వాత బ్రిటన్ మీదా పోరాడింది. 1941 ఏప్రిల్ బాల్కన్ దండయాత్రలోనూ పాల్గొంది. జర్మన్ వైమానిక దళంలో ఒక గెష్వాడర్‌కు సాధారణంగా మూడు ‘గ్రుప్పె’లు, ఒక్కో గ్రుప్పెకు కాగితం మీద నలభై దాకా విమానాలు ఉండేవి. 27వ దళంలోని మొదటి గ్రుప్పె ఎడ్వర్డ్ నాయ్‌మన్ నాయకత్వంలో 1941 ఏప్రిల్‌లో లిబియాలోని ఐన్ ఎల్ గజాలా చేరి, వెంటనే తోబ్రుక్ మీద పోరుకు దిగింది. మిగతా రెండు గ్రుప్పెలూ అదే ఏడాది సెప్టెంబరు, డిసెంబరు నెలల్లో వచ్చి కలిశాయి. ఇంజన్లలోకి ఇసుక పోకుండా గాలి వడపోత పరికరాలు అమర్చిన మెసర్‌ష్మిట్ 109లు వీరి విమానాలు.

తొలి ఏడాదిన్నర వారిదే పైచేయిగా కనిపించడానికి కారణం పైలట్ల నైపుణ్యం ఒక్కటే కాదు. బ్రిటిష్ పక్షం వాడిన హరికేన్, టోమాహాక్, కిట్టీహాక్ ఫైటర్ విమానాలు ఎక్కువ ఎత్తులో మెసర్‌ష్మిట్‌కు సాటి రావు. పైగా వాటికి అప్పగించిన పని వేరు. బాంబర్లకు కాపలాగా వెళ్లడం, దిగువన ఎగిరి నేలమీది వాహనాలను దెబ్బతీయడం వాటి విధి. జర్మన్లు మాత్రం ఇద్దరిద్దరుగా, నలుగురు నలుగురుగా పైఎత్తున తిరుగుతూ, తమకు అనువైన క్షణం చూసుకుని ఒక్కసారిగా దూకి మళ్లీ పైకి లేచిపోయేవారు. ఎప్పుడు పోరాడాలో, ఎప్పుడు తప్పుకోవాలో తేల్చుకునే వీలు వారికే ఉండేది. శత్రుపక్షం రక్షణ వలయం కట్టి గుండ్రంగా తిరిగితే, మార్సెయ్ ఆ వలయంలోకే చొరబడి, చాలా దగ్గరి నుంచి గురిచూసి కొట్టే పద్ధతిని అలవరచుకున్నాడు. 1942 జూన్ 3న బిర్ హకీమ్ మీద దక్షిణాఫ్రికా పైలట్ల టోమాహాక్‌లు ఆరింటిని అలాగే కూల్చినట్టు లెక్కకెక్కింది.

ఆఫ్రికాలో అతని ఖాతాలో చేరిన విమానాలు 151. వాటిలో టోమాహాక్, కిట్టీహాక్ రకాలవి 101, హరికేన్‌లు 30, స్పిట్‌ఫైర్‌లు 16. జంట ఇంజన్ల బాంబర్లు నాలుగే! ఇవి జర్మన్ పక్షం నమోదు చేసుకున్న అంకెలు గనుక అవతలి పక్షం నష్టాల పట్టికతో అన్ని చోట్లా సరిపోలవు. అయినా గురి ఎటువైపుందో చెప్పడానికి ఇవి చాలు. సెప్టెంబరు 1న లెక్కకు వచ్చిన 17 కూడా ఫైటర్లే. ఆ రోజుల్లోనే బోస్టన్, బాల్టిమోర్ బాంబర్లు పగలూ, వెల్లింగ్టన్‌లు రాత్రీ రొమ్మెల్ దండు మీద విడవకుండా బాంబులు కురిపించాయి. మధ్యధరా సముద్రంలో చమురు నౌకలు మునిగిపోవడంతో అతని ట్యాంకులకు ఇంధనమూ కరువైంది. ఇంధన కొరతా, ఆకాశం నుంచి తెరిపిలేని దాడీ కలిసి అతణ్ని వెనక్కి తిప్పాయి.

వ్యక్తిగత లెక్కకే పెద్దపీట వేసే వ్యవస్థలో బాంబర్లను వదిలి ఫైటర్ల మీదే గురిపెట్టడం వింత కాదు. ఎక్కువ విమానాలు కూల్చినవాడికి పతకాలు, ప్రచారం, పత్రికల్లో బొమ్మలు. తోటివారు అతనికి కాపు కాస్తూ వెంట ఎగిరేవారు. ఈ పోటీకి మరో ముఖమూ ఉంది. 1942 ఆగస్టులో రెండో గ్రుప్పెకు చెందిన నలుగురు పైలట్ల జట్టు చెప్పుకున్న విజయాల్లో చాలావాటికి ఆధారం లేదని బయటపడి, ఆ జట్టును విడదీయవలసి వచ్చింది.

అవతలి పక్షం ఆలోచన వేరు. ఎడారి వైమానిక దళాధిపతి ఆర్థర్ కోనింగమ్ ఒక్కో పైలట్ ఖాతా చూడలేదు. సైన్యంతో సమన్వయం, సరఫరా మార్గాల మీద దెబ్బ, దాడి ఆగకపోవడం అతనికి ముఖ్యం. కొత్త విమానాలు పశ్చిమాఫ్రికాలోని తకోరాడి రేవులో దిగి, ఖండం అడ్డంగా ఎగిరి ఈజిప్టు చేరేవి. భారత, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా సేనలు కూడా ఉన్న బ్రిటిష్ ఎనిమిదో సైన్యానికి గగనతలం నుంచి అండ అలా నిలకడగా అందింది. జర్మనీకి అసలు రణరంగం రష్యా. ఎడారికి మిగిలింది కొంతే.

కొద్దిమంది మీదే ఆధారపడితే వచ్చే చిక్కు సెప్టెంబరులోనే తెలిసివచ్చింది. ఈ దళం పైలట్లలో 6వ తేదీన గుంటర్ స్టైన్‌హౌజెన్, 7న హాన్స్-ఆర్నోల్డ్ స్టాల్‌ష్మిట్ పోరులో నేలకూలారు. 30న మార్సెయ్ నడుపుతున్న కొత్త మెసర్‌ష్మిట్‌లో ఇంజన్ చెడి కాక్‌పిట్ పొగతో నిండిపోయింది. దూకబోయిన అతనికి విమానం తోక తగలడంతో పారాచూట్ తెరుచుకోకుండానే ఎడారిలో పడి చనిపోయాడు. మొదటి గ్రుప్పెను కొన్నాళ్లు సిసిలీకి పంపవలసి వచ్చింది. అక్టోబరు, నవంబరుల్లో ఎల్ అలమైన్ ఓటమి తర్వాత 1942 చివరికల్లా దళం ఆఫ్రికా వదిలి, గ్రీసు మీదా, జర్మనీ రక్షణలోనూ పోరాడింది. 1945 జనవరి 1న బెల్జియంలోని మెల్స్‌బ్రూక్ విమానాశ్రయం మీద దాడి చేసింది.

యుద్ధం ముగిశాక జనం తలచుకున్నది మార్సెయ్‌నే. 1957లో పశ్చిమ జర్మనీలో అతని మీద సినిమా కూడా వచ్చింది. కానీ అతని 151 విజయాలు, అవన్నీ నిజమే అనుకున్నా, రొమ్మెల్ దండుకు ఒక్క చమురు నౌకనూ క్షేమంగా చేర్చలేదు. 27వ దళం పైలట్లు చేతకానివారు కారు. ఫైటర్లను కూల్చడమే గెలుపనుకున్న వ్యవస్థ, బాంబర్లను ఆపే పనిని వారికి ముఖ్యమైనదిగా అప్పగించలేదు.