పిఠాపురం కోడి, మన్యం పెట్ట: ఏ కోడిని ఉంచుకోవాలి?



పిఠాపురంలో చదువుకోడానికి కొండ దిగిన మనవాళ్లు పాదగయకు ఒక్కసారైనా వెళ్లే ఉంటారు. అక్కడి శివుడి పేరు కుక్కుటేశ్వరుడు. గయాసురుడు తన ఒంటి మీద యజ్ఞం చేసుకోమని ఏడు రోజులు కదలకుండా పడుకున్నాడట. చివరి రాత్రి తెల్లవారక ముందే శివుడు కోడై కూశాడని, తెల్లారిపోయిందనుకుని గయుడు కదిలాడని స్థలపురాణం. మన ఇళ్లలో వేళకాని వేళ కూసిన పుంజు మర్నాడే కూరైపోతుంది. ఇక్కడ అదే కూతకి గుడి కట్టారు. ఏది లోపమో కోడి చెప్పదు, దాంతో పని ఉన్నవాళ్లు చెప్తారు.

ఈ మాట ఇప్పుడెందుకంటే, సంక్రాంతి ముందు పుంజుల కోసం మైదానం నుంచి మనుషులు మన ఊళ్లకి వస్తారు. వాళ్లు చూసేది రంగు. డేగా, కాకా, నెమలా, సేతువా అని. తర్వాత ఎత్తు, కాళ్ల బలం, చూపు. కుక్కుట శాస్త్రం అని ఏ రంగు ఏ రోజు గెలుస్తుందో దానికీ ఒక లెక్క. డబ్బు అవసరం కాబట్టి అమ్ముతాం, తప్పు పట్టడం లేదు. కానీ పోయేది ఎప్పుడూ మంచి పుంజే. పెరట్లో మిగిలేది పొట్టిదో, వేలు వంకరదో, పిరికిదో. వచ్చే ఏడు పిల్లలన్నిటికీ అదే తండ్రి. పదేళ్లు ఇలాగే జరిగితే మందలో ఏం మిగులుతుంది?

పల్నాటి కథలో కూడా పందెం పుంజు ఎవరిదో అందరికీ తెలుసు. దాన్ని పొదిగిన పెట్ట ఎవరింటిదో ఎవరూ చెప్పరు.

మన కోడి అసీల్. అరబ్బీలో ఆ మాటకి అసలైనది, మేలు పుట్టుకది అని అర్థం. కానీ లెక్కల పుస్తకంలో మాత్రం ఇది పనికిరాని పెట్ట. ఏడాదికి 30, 40 గుడ్లకు మించి పెట్టదు, ఫారం పెట్ట 300 దాటుతుంది. అందుకే గుడ్లు పెంచుదామని పైనుంచి వేరే జాతులు వచ్చాయి. ముందు రోడ్ ఐలాండ్ రెడ్, తర్వాత హైదరాబాద్ రాజేంద్రనగర్ పరిశోధన కేంద్రంలో తయారైన వనరాజా. గుడ్లు పెరిగిన మాట నిజం. అయితే వనరాజా పెట్ట పొదగదు. పైగా అది సంకరం, దాని పిల్లల్లో ఆ గుణాలు అలాగే నిలవవు. అంటే ప్రతిసారీ పిల్లల్ని కొనుక్కోవాలి.

అసీల్ తక్కువ గుడ్లు ఎందుకు పెడుతుందో మన అమ్మమ్మలకి తెలుసు. పదో పన్నెండో పెట్టి కూర్చుంటుంది. 21 రోజులు పొదుగుతుంది. ఆ తర్వాత రెండు నెలలపైన పిల్లల్ని వెంటేసుకు తిరుగుతుంది, గద్ద వస్తే రెక్కల కింద దాస్తుంది. ఏడాదికి మూడు సార్లు ఇలా చేస్తే లెక్క 30, 40 దగ్గరే ఆగుతుంది. కరెంటు పోయే ఊళ్లో ఆ పెట్టే ఇంక్యుబేటర్. గుడ్డు తినడానికి కాదు, పిల్ల అవడానికి అని మన ఆడవాళ్ల ఉద్దేశం. 1990ల్లో పశువైద్యురాలు సాగరి రాందాస్, అంత్ర సంస్థ తూర్పు గోదావరి మన్యంలో పనిచేసినప్పుడు ఈ అసీల్‌నే నిలబెట్టడానికి పూనుకున్నారు. పెట్టల్ని మళ్లీ పంచడానికి వాడింది కూడా మన వాటా పద్ధతే. ఒకరు పెట్టనిస్తారు, ఇంకొకరు సాకుతారు, పిల్లలు ఇద్దరికీ.

జాతి శుద్ధం అని మరీ మొండికేయడమూ తప్పే. ఎర్ర అడవికోడి గోదావరికి ఉత్తరాన, బూడిదరంగు అడవికోడి దక్షిణాన ఉంటాయని పక్షుల పుస్తకాలు చెప్తాయి, అంటే వాటి సరిహద్దు మన ఇంటి దగ్గరే. కోళ్లన్నీ ఎర్రదాని నుంచే వచ్చాయని డార్విన్ అన్నాడు. 2008లో జన్యువులు చూస్తే, పసుపు కాళ్ల రంగు బూడిదదాని నుంచి వచ్చిందని తేలింది. సంతలో మనం మెచ్చుకునే పసుపు కాలు కల్తీ నుంచి వచ్చిందే!

మరి దేన్ని ఉంచాలి? చిన్నప్పుడు తొక్కిడి పడి వేలు వంకరైన పెట్టని కోసేయకండి, ఆ వంకర పిల్లలకి రాదు. గద్ద తన్ని కన్ను పోయినదీ అంతే. ముక్కు పైదీ కిందదీ కలవకుండా పుట్టినది వేరు, దాన్ని జతకి వాడొద్దు. రంగు బాగోలేదని తీసేయడం కొనేవాళ్ల లెక్క, మనది కాదు. కొక్కెర తెగులు ఊరంతా ఊడ్చేసినా బతికిన పెట్ట ఎంత పొట్టిదైనా ఉంచాల్సిందే, టీకా మాత్రం మానొద్దు. గుడ్లు పొడుచుకు తినేదాన్ని, పిల్లల్ని వదిలేసి పోయేదాన్ని ఎంత అందంగా ఉన్నా కూర చేసేయండి. ఇందులో మా అమ్మలకి జాలి లేదు.

పుంజు విషయంలోనే మనం ఓడిపోతున్నాం. ఎనిమిది పది పెట్టలకి ఒక పుంజు చాలు, కానీ అది ఎప్పుడూ ఆ ఇంట్లో పుట్టిందే అయితే అన్నాచెల్లెళ్ల పిల్లలే పుడతారు. పక్క ఊరి చుట్టాలతో పుంజుని మార్చుకోండి, వాటా పెట్టకున్నట్టే పుంజుకీ పెట్టొచ్చు. బేరం కుదిరిన పుంజుని కూడా ఒక పొదుగు అయ్యాకే పంపండి. ఈ సంక్రాంతికి మీ ఊళ్లో అమ్మకుండా ఆపిన పుంజు ఒక్కటైనా ఉంటే, అది ఎవరింటిదో, దాని తల్లి ఏ పెట్టో కింద రాయండి.